ముంగారి విత్తనానికి ముందే కృష్ణజింకల లెక్క తీయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

కర్నూలు జిల్లాలో ఆలూరు, హాలహర్వి, చిప్పగిరి, ఆదోని మండలాల్లోనూ, అనంతపురం జిల్లాలో విడపనకల్లు, ఉరవకొండ, గుంతకల్లు వైపునా మొలక కనబడగానే కృష్ణజింకల గుంపులు చేలల్లోకి దిగడం ఏటా ఉన్నదే. వేరుశనగ కానీ, పప్పుశనగ కానీ, పత్తి కానీ, మొదటి నెల గడిచేదాకా రైతుకు కంటి మీద కునుకుండదు. ఈ బాధలోంచే రైతుల సమావేశాల్లో ఒక మాట గట్టిగా వినబడుతోంది. "అమెరికాలో జింకల వేటకు పర్మిట్లు ఇస్తారట, మనకూ ఇవ్వండి" అంటున్నారు. అడిగేవాళ్ల నష్టం నిజం, కోపం న్యాయం. కానీ అక్కడి వేట గురించి మనదాకా వచ్చింది తుపాకీ కబురు ఒక్కటే. ఆ తుపాకీ పేలడానికి ముందు నెలల తరబడి జరిగే పని ఉంది. మనకు పనికొచ్చేది ఆ పనిలోనే ఉంది. దాన్ని వివరంగా మీ పాఠకుల ముందు పెట్టి, మన జిల్లాల్లో ఏం జరగాలో అడగడానికి ఈ లేఖ రాస్తున్నాం.

అమెరికా రాష్ట్రాల్లో నెబ్రాస్కా పడమటి కొస, కొలరాడో తూర్పు భాగం, వయోమింగ్, మోంటానాల తూర్పు భాగం అంతా గడ్డి మైదానం. చెట్టు అరుదు. ఆ మైదానాన్ని నదులు, వంకలు కోసుకుంటూ పోయి లోతైన లోయలు చేశాయి. గండికోట అంచున నిలబడి పెన్నా వైపు చూసినవాళ్లకు ఆ నేల తీరు చెప్పకుండానే అర్థమవుతుంది. అక్కడ జింకలు రెండు రకాలు. మ్యూల్ డీర్‌కు చెవులు పెద్దవి, తోక కొస నల్లన. ఇది లోయల అంచుల్లో, గుట్టల మడతల్లో ఉంటుంది. వైట్‌టెయిల్ డీర్ బెదిరితే తోక ఎత్తుతుంది, కింద తెల్లగా మెరుస్తుంది. ఇది నది ఒడ్డు చెట్లలో, మొక్కజొన్న చేల పక్కన ఉంటుంది. చాలాచోట్ల ఏ రకాన్ని కొట్టొచ్చు, మగదా ఆడదా, ఏ యూనిట్‌లో (వేట కోసం హద్దులు గీసిన ప్రాంతం), ఏ తేదీల మధ్య అన్నది పర్మిట్‌తోనే తేలిపోతుంది. పక్క యూనిట్‌లోకి దాటిన జింకను కొడితే అది దొంగవేటే.

ప్రణాళిక మొదట రాష్ట్ర వన్యప్రాణి శాఖలో మొదలవుతుంది. కొలరాడోలో డిసెంబరు, జనవరి నెలల్లో హెలికాప్టర్‌లో తిరిగి జింకలను లెక్కిస్తారు. ఆ నెలలే ఎందుకంటే, మంచు మీద జంతువు స్పష్టంగా కనబడుతుంది. నవంబరు జతకాలం అప్పుడే ముగిసి మగవి ఇంకా ఆడవాటి దగ్గరే తిరుగుతుంటాయి. వాటి కొమ్ములు ఇంకా రాలిపోవు కాబట్టి మగ, ఆడ తేడా పైనుంచే తెలుస్తుంది. ఆ జింకలు ఏటా కొమ్ములు రాల్చి మళ్లీ పెంచుకుంటాయి. మన కృష్ణజింకకైతే కొమ్ము జీవితాంతం ఉంటుంది. 100 ఆడవాటికి మగవి ఎన్ని, పిల్లలు ఎన్ని అని తేల్చి, ముందటి సీజన్‌లో వేటగాళ్లు కొట్టినవాటి లెక్క చేర్చి, ఈసారి ఎన్ని పర్మిట్లో ఖాయం చేస్తారు. సంఖ్య తగ్గాలంటే ఆడవాటి పర్మిట్లు పెంచుతారు. ఒక మగది ఎన్నో ఆడవాటితో కలుస్తుంది గనక, మగవాటిని కొట్టినంత మాత్రాన మరుసటి ఏడు పుట్టే పిల్లలు తగ్గవు. "ఆ నల్లటి పోతుల్ని నాలుగింటిని తీసేస్తే చాలు" అనే మన పెద్దలు ఈ ఒక్క విషయాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

పర్మిట్ అడగ్గానే చేతికి రాదు. కొలరాడోలో ఏప్రిల్ మొదటి వారానికల్లా దరఖాస్తు పెట్టాలి. తర్వాత లాటరీ. రానివాళ్లకు ఒక పాయింటు జమ అవుతుంది, అవి కూడితే మంచి యూనిట్‌లో అవకాశం పెరుగుతుంది. 1949 జనవరి 1 నాడు గానీ ఆ తర్వాత గానీ పుట్టిన ప్రతి ఒక్కరూ వేట భద్రత కోర్సు పాసై ఉండాలి. రైఫిల్ సీజన్‌లో ఒంటి మీద 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు బట్ట ఉండాలి, తల మీద కూడా ఆ రంగే. మోంటానాలో 400 చదరపు అంగుళాలు. నెబ్రాస్కాలో నవంబరు రైఫిల్ సీజన్ 9 రోజులే, మోంటానాలో సుమారు 5 వారాలు. ఏ భూమి ప్రభుత్వానిది, ఏది ప్రైవేటుది అని తెలిపే పటం ఫోన్‌లో లేకుండా ఎవరూ కదలరు. రైతు భూమిలో అడుగుపెట్టాలంటే ముందే వెళ్లి అడగాలి. మోంటానాలో బ్లాక్ మేనేజ్‌మెంట్ అనే పథకం కింద రైతులు తమ భూమిలోకి వేటగాళ్లను ఉచితంగా రానిస్తారు, అందుకు ప్రభుత్వం వాళ్లకు డబ్బు చెల్లిస్తుంది. భూమి ఇచ్చిన రైతుకు ప్రతిఫలం ఉండాలన్న ఆ ఆలోచన మనకు నచ్చాల్సింది.

ఇక పొలంలో జరిగే పని. ఇందులో నడక తక్కువ, కూర్చోవడం ఎక్కువ. తెల్లవారక ముందే లోయ అంచున ఎత్తు మీదికి చేరి, సూర్యుడు వీపు వెనక ఉండేలా కూర్చుని, బైనాక్యులర్‌ను ట్రైపాడ్ మీద బిగించి ఎదుటి వాలును గళ్లు గళ్లుగా గంటల తరబడి వెతుకుతారు. పూర్తి జింక కోసం చూసేవాళ్లకు ఏమీ కనబడదు. చెవి కదలిక, వీపు అడ్డగీత, ముక్కు మీద తెలుపు, వీటి కోసం చూడాలి. పగలు ఎండ ముదిరాక జింక ఉత్తరం వాలు నీడల్లో పడుకుంటుంది. పడుకున్నది కూడా నీడ జరిగినప్పుడు లేచి చోటు మారుతుంది, కనిపెట్టడానికి ఆ క్షణమే అదను.

గాలి విషయం తెలియని వేటగాడికి లోయలో జింక దొరకదు. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారుతుంది. ఎండ తగిలి నేల వేడెక్కాక అదే గాలి పైకి లేస్తుంది. సాయంత్రం నీడ పడగానే మళ్లీ కిందికి. పొద్దున్నే పైనుంచి దిగితే మనిషి వాసన ముందే జింకకు చేరుతుంది. గాలి తిరిగేదాకా పైనే ఆగి, ఆ తర్వాత పైనుంచి దగ్గరికి పోవాలి. మధ్యలో ఒక గంటసేపు గాలి ఎటూ నిలకడగా ఉండదు. ఆ గంటలో కదిలినవాళ్లే ఎక్కువగా జింకను బెదరగొట్టుకుంటారు. చిన్న సీసాలో మెత్తటి పొడి పెట్టుకుని అప్పుడప్పుడు చిమ్మి, అది ఎటు పోతుందో చూస్తూ ఉంటారు.

గురి కుదిరినంత మాత్రాన ట్రిగ్గర్ నొక్కరు. జింక వెనక మట్టిగుట్ట ఉండాలి. అంచు మీద ఆకాశం వెనకగా నిలబడిన జింకను ఎంత పెద్దదైనా వదిలేయాలి, ఎందుకంటే తప్పిపోయిన రైఫిల్ తూటా 3 కిలోమీటర్లు దాటి పోగలదు. ఆ తర్వాతి లెక్క మోత. లోయ అడుగున పడిన జింకను పైకి తేవాలంటే అక్కడే కోసి, తొడలు, భుజాలు విడదీసి, గాలి ఆడే గుడ్డసంచుల్లో కట్టి వీపున మోయాలి. పెద్ద మగ మ్యూల్ డీర్ అయితే ఎముక తీశాక కూడా సుమారు 30 కిలోల మాంసం ఉంటుంది. ఇద్దరు మోయలేని చోట కొట్టకూడదు. మాంసం పాడయ్యేది ఎక్కువగా తొడ ఎముక కీలు దగ్గర. చర్మం వెంటనే తీయకపోతే లోపలి వేడి బయటికి పోక అక్కడ పులుస్తుంది. తినదగ్గ మాంసాన్ని వదిలేసి పోవడం ఆ రాష్ట్రాల్లో నేరం. 1967లో కొలరాడోలో మొదట గుర్తించిన క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జింకల ప్రాణాంతక మెదడు జబ్బు ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. అందుకని కొన్ని యూనిట్లలో తల తెచ్చి పరీక్షకు ఇవ్వాలి, మెదడు, వెన్నెముక ఉన్న కళేబరాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి తరలించడంపై ఆంక్షలు ఉంటాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 1937లో వచ్చిన పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం పన్ను వసూలై రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు చేరుతుంది. ఈ పన్ను, పర్మిట్ల రుసుము కలిసి లెక్కలకు, సిబ్బందికి ఖర్చవుతాయి. అంటే వేట అక్కడ ఒక పెద్ద యంత్రాంగంలో చివరి మెట్టు. లెక్క, కోటా, లాటరీ, శిక్షణ, తనిఖీ, మళ్లీ లెక్క, ఇన్ని ఉన్నాకనే తుపాకీ. మనం అడుగుతున్నది ఆ మెట్లేవీ లేకుండా చివరి మెట్టు.

మన కృష్ణజింక టెక్సస్‌లో కూడా ఉంది. 1932లో అక్కడి ఎడ్వర్డ్స్ పీఠభూమికి తెచ్చి వదిలారు, ఇప్పుడు అక్కడి రాంచ్‌లలో (పెద్ద ప్రైవేటు పశుక్షేత్రాల్లో) వేలల్లో ఉంది. దాని వేటకు అక్కడ సీజన్ లేదు, పరిమితి లేదు. "చూడండి, మన జింకనే అక్కడ కొడుతున్నారు" అని ఫోన్లలో తిరిగే వీడియోలు ఇవే. అక్కడ అది బయటి నుంచి తెచ్చిన జంతువు, ఎత్తైన కంచె లోపల యజమాని పెంచుకునే ఆస్తి లాంటిది. ఇక్కడ అది ఈ గడ్డ మీదే పుట్టిన జంతువు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. రెంటినీ ఒక గాటన కట్టలేం.

చట్టం సంగతి సూటిగా చెబుతాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్‌లో ఉంది. 2022 సవరణ తర్వాత కూడా అక్కడే ఉంది. సెక్షన్ 9 ప్రకారం వేట నిషేధం. సెక్షన్ 11 కింద మొదటి షెడ్యూల్ జంతువును చంపడానికి అనుమతి ఇవ్వాలంటే అది మనిషి ప్రాణానికి ప్రమాదమై ఉండాలి, లేదా కోలుకోలేని గాయంతోనో రోగంతోనో ఉండాలి. పంట నష్టం అన్న కారణం ఇతర షెడ్యూల్ జంతువులకే వర్తిస్తుంది. చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే అనుకునేవాళ్లున్నారు. పట్టడం, ఉచ్చు వేయడం, పట్టేందుకు తరమడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేట కిందికే వస్తాయి. శిక్ష 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల జైలు, రూ.25,000కు తగ్గని జరిమానా. కంచెకు 230 వోల్టుల కరెంటు కలిపేవాళ్లు దీనికి తోడు మనిషి ప్రాణం మీదికీ తెస్తున్నారు. తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన పక్కచేను రైతుకు ఆ తీగ కనబడదు.

చట్టం పక్కన పెట్టినా, మన నేల రైఫిల్ వేటకు ఒప్పుకోదు. హగరి ఏటి ఒడ్డున రేగడి చేలు బల్లపరుపుగా ఉంటాయి. జింక వెనక మట్టిగుట్ట ఎక్కడుంది? పొద్దు పొడవకముందే కలుపు తీసే ఆడవాళ్లు, గొర్రెల కాపరులు, ఎద్దుల బండ్లు. ఊరికీ ఊరికీ మధ్య దూరం తూటా పోయే దూరం కన్నా పెద్ద ఎక్కువేం కాదు. మోంటానాలో వదిలేయాల్సిన గురి ఇక్కడ ప్రతి గురీ.

మరి ఏం చేయాలి? వాళ్ల దగ్గరి మొదటి మెట్టు మనం తెచ్చుకోవాలి. ఆలూరు ప్రాంతంలో కృష్ణజింకలు ఎన్ని అని అడిగితే ఒకరు వందలంటారు, ఒకరు వేలంటారు. నష్టపరిహారం ఎక్కువ రావాలని ఊరివాళ్లు పెంచి చెబుతారనీ, తలనొప్పి తగ్గాలని ఆఫీసువాళ్లు తగ్గించి రాస్తారనీ ఒకరి మీద ఒకరికి అనుమానం. ఈ అనుమానం పోవాలంటే అందరూ కలిసి, ఒకే పొద్దున, ఒకే పద్ధతిలో లెక్క తీయాలి. ఆ పద్ధతి ఇలా ఉండాలని మా సూచన.

జింకకు రెవెన్యూ హద్దులు తెలియవు కాబట్టి ఊరి వారీగా కాకుండా, రోడ్లు, వంకలు, ఎల్లెల్సీ (తుంగభద్ర దిగువ కాలువ) వంటి కంటికి కనబడే హద్దులతో 20, 25 చదరపు కిలోమీటర్ల బ్లాకులు గీయాలి. ఏప్రిల్ చివరి వారం అనువైన కాలం. అప్పటికి పత్తి కట్టెలు పీకేసి ఉంటారు, కంది కోసి ఉంటారు, నేల బయలుగా ఉంటుంది. నవంబరులో లెక్కిస్తే కంది, పత్తి చేలల్లో ఉన్నవి కనబడక సగానికి సగం తప్పిపోతాయి. పొద్దున 6 నుంచి 9 దాకా. 9 దాటితే ఏప్రిల్ ఎండకు నేల మీద గాలి అలలుగా కదులుతుంది, దూరాన ఉన్న గుంపులో కాళ్లూ కొమ్ములూ కలిసిపోతాయి.

ఒక్కో బ్లాకుకు ముగ్గురు చాలు. ఒకరు చూడాలి, ఒకరు రాయాలి, మూడోవాళ్లు ఆ దారులు తెలిసిన కాపరో రైతో అయితే మేలు. బైనాక్యులర్ 8 రెట్లది సరిపోతుంది. 10 రెట్లది చేతిలో వణుకుతుంది, బండి సీటు మీదో గట్టు రాయి మీదో ఆనించి చూడాలి. పొద్దున తూర్పు నుంచి పడమటికి పోతూ లెక్కిస్తే ఎండ వీపున పడుతుంది. జింక మోటారుసైకిలుకు, ట్రాక్టరుకు అలవాటుపడి ఉంది కానీ, నేరుగా తన మీదికి వచ్చే మనిషిని ఓర్చుకోదు. అందుకని ఏటవాలుగా, ఆగకుండా, పక్కకు పోతున్నట్టు నడవాలి. కుక్కల్ని వెంట తీసుకుపోకూడదు. డ్రోను కిందకు దించితే గుంపు చెదిరి పక్క బ్లాకులో పడుతుంది, లెక్క రెండింటా పాడవుతుంది.

20 దాటిన గుంపును మూడుసార్లు లెక్కించి నడిమి సంఖ్య రాయాలి. మగ, ఆడ విడదీయడంలో ఎక్కువమంది రంగు చూసి మోసపోతారు. మన దక్షిణాది మగవి అన్నీ నిగనిగలాడే నలుపు తిరగవు, వయసురాని మగది ఆడదానిలాగే గోధుమ రంగులో ఉంటుంది. కొమ్ము చూడాలి. కొమ్ము లేనిది ఆడది, చిన్న కొమ్ముతో గోధుమ రంగున్నది పిల్ల మగది, మెలికలు తిరిగిన పొడుగు కొమ్ములు, ముదురు రంగు ఉన్నది పెద్ద మగది. పుట్టిన మొదటి రోజుల్లో పిల్ల గడ్డిలో కదలకుండా పడుకుని ఉంటుంది, తల్లి దూరంగా మేస్తుంది. కాబట్టి పిల్లల సంఖ్య ఎప్పుడూ ఉన్నదానికన్నా తక్కువే వస్తుంది. ఆ మాట కాగితం మీదే రాసిపెట్టాలి.

ప్రతి గుంపుకూ సమయం, ఎన్ని, ఎటు కదులుతోంది, మనకు ఎంత దూరం, ఈ నాలుగూ తప్పనిసరి. ఎటు కదిలిందో రాయకపోతే హద్దు దాటిన గుంపును రెండు బ్లాకులవాళ్లూ లెక్కేస్తారు. ఆరోజు మధ్యాహ్నమే పక్కపక్క బ్లాకులవాళ్లు కూర్చుని, అరగంట తేడాలో హద్దు దగ్గర ఒకే కూర్పుతో కనబడిన గుంపుల్ని పోల్చి ఒకదాన్ని లెక్కలోంచి తీసేయాలి. దూరం రాయడానికి ఇంకో కారణం ఉంది. దూరం పెరిగేకొద్దీ కనబడకుండా పోయే గుంపులు ఎన్నో గణితంతో అంచనా కట్టడానికి అదే ఆధారం. అయితే అందుకు తిన్నని గీతల వెంట నడిచి, గీత నుంచి గుంపుకు అడ్డదూరం కొలవాలి, ప్రాంతం మొత్తం మీద కనీసం 60 గుంపుల కొలతలైనా ఉండాలి. రోడ్డు మీద జీపులో పోతూ కనబడినవి రాసుకుంటే అది లెక్క కిందికి రాదు. వరసగా మూడు పొద్దులు ఇలా చేసి, మూడు సంఖ్యలూ దాచకుండా గ్రామ సచివాలయం గోడకు అంటించాలి. కాగితం మీద అటవీ సిబ్బంది, ఊరి రైతు ఇద్దరి సంతకాలూ ఉండాలి.

హగరికి అవతల కర్ణాటక. బళ్లారి జిల్లా అధికారులు కూడా అవే రోజుల్లో లెక్కిస్తే తప్ప, ఏరు దాటి తిరిగే గుంపుల సంగతి తేలదు. ఇది ఇద్దరు కలెక్టర్లు ఉత్తరం రాసుకుంటే అయ్యే పని.

జింకల లెక్కతో పాటు నష్టం లెక్క కూడా కావాలి. సర్వే నంబరు, పంట, విత్తిన ఎన్నో రోజు, ఎన్ని సెంట్లు, ఏ తేదీ. తిన్నది జింకేనా అన్నది మొదట తేల్చాలి. జింకకు పైదవడ ముందు పళ్లుండవు, అందుకని అది కొరికిన కొన చిరిగినట్టు, పీచుగా ఉంటుంది. కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. అడవిపంది అయితే నేల పెకలించి కాయతో సహా తింటుంది. డెక్క గుర్తు పక్కన స్కేలో, అగ్గిపెట్టో పెట్టి ఫొటో తీస్తే కొలత తెలుస్తుంది. ఈ వివరం ఇప్పుడు మరీ అవసరం. అడవి జంతువుల వల్ల కలిగే పంట నష్టాన్ని ఫసల్ బీమా కిందికి 2026 ఖరీఫ్ నుంచి తెస్తామని కేంద్ర వ్యవసాయ శాఖ 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లోపు లొకేషన్‌తో కూడిన ఫొటోలు బీమా యాప్‌లో పెట్టాలి. ఏయే జంతువులు, ఏయే ప్రాంతాలు అన్నది రాష్ట్రమే పాత నష్టాల ఆధారంగా నోటిఫై చేయాలి. కాగితం మీద ఆధారం లేని మండలం ఆ జాబితాలో ఎలా చేరుతుంది? ఈ-క్రాప్‌లో పంట నమోదు కాని కౌలు రైతు ఏ జాబితాకూ అందడు. జింకల మండలాల్లో విత్తిన వారంలోనే ఆ నమోదు జరిగేలా చూడాలి, మొలక దశలోనే పోయిన పంటకు తర్వాత సాక్ష్యం మిగలదు.

కంచెల గురించి కొంత. చీరల కంచె రెండు మూడు వారాలు పనిచేస్తుంది, తర్వాత జింక అలవాటుపడుతుంది. కదలని గుడ్డకు భయపడదు కాబట్టి వారానికోసారి చోటు మార్చాలి. సోలార్ కంచె మేలు, కానీ మన దగ్గర ఎక్కువ కంచెలు పనిచేయకపోవడానికి కారణం పెట్టెలో ఉండదు, ఎర్తింగ్‌లో ఉంటుంది. ఎండిన ఎర్రనేల కరెంటును పోనివ్వదు. 6 అడుగుల కడ్డీలు కనీసం 3, పదేసి అడుగుల ఎడంతో తడి నిలిచే చోట దించి, బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో వారానికోసారి నీళ్లు పోయాలి. అప్పటికీ చాలకపోతే తీగల్లో ఒకటి విడిచి ఒకటి ఎర్త్‌కు కలపాలి, అప్పుడు జంతువు రెండు తీగలూ తాకితే నేలతో పనిలేకుండా షాక్ తగులుతుంది. కృష్ణజింక తరిమితే దూకుతుంది కానీ, తనంతట తాను వచ్చినప్పుడు కింద నుంచి దూరడానికే చూస్తుంది. అందుకని అడుగు తీగ నేలకు 20, 25 సెంటీమీటర్ల మించి ఎత్తులో ఉండకూడదు, 5 తీగలతో మొత్తం 5 అడుగుల ఎత్తు. వాన పడ్డాక గడ్డి పెరిగి కింది తీగను తాకితే వోల్టేజి అంతా నేలలోకి పోతుంది. మీటరు పెట్టి చూడకుండా కంచె పనిచేస్తోందని నమ్మకూడదు. లోపలికి వచ్చేసిన గుంపును కంచె మీదికి తరమకూడదు. ఒక వైపు తెరిచి, ఎదుటి వైపు నుంచి మెల్లగా నడవాలి. ఒక్క రైతు కంచె వేస్తే గుంపు పక్క చేనులో పడుతుంది, కాబట్టి రాయితీ ఒక్కో రైతుకు కాక, 50, 100 ఎకరాల చుట్టూ కలిపి వేసే కంచెకు ఇవ్వాలి.

పట్టి వేరేచోటికి తరలించడం సాధ్యమే. సెక్షన్ 12 కింద కేంద్రం అనుమతితో చేయొచ్చు. మధ్యప్రదేశ్‌లో షాజాపూర్ ప్రాంతంలో 2025లో హెలికాప్టర్‌తో మళ్లించి, గరాటు ఆకారంలో కట్టిన పచ్చటి గుడ్డగోడల మధ్యగా లారీల్లోకి ఎక్కించి వందల కృష్ణజింకలను తరలించారు. అయితే తొందరపడితే ఇది చంపడంతో సమానం. తరిమిన కృష్ణజింకకు ఒళ్లు వేడెక్కి కండరాలు దెబ్బతింటాయి, పట్టిన రోజు బాగానే ఉండి తర్వాతి రోజుల్లో చనిపోతుంది. చలికాలం పొద్దున్నే చేయాలి, పెద్ద మగవాటిని విడిగా ఉంచాలి, లేకపోతే లారీలోనే పొడుచుకుంటాయి. ఎక్కడికి తరలిస్తారన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. నల్లమల చెట్ల అడవి ఈ బయలు జంతువుకు ఇల్లు కాదు. రోళ్లపాడు అభయారణ్యం మొత్తం 6.14 చదరపు కిలోమీటర్లే, చుట్టూ పొలాలే. 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పాటు చేసిన ఆ కాస్త గడ్డినేలలో ఇంకొన్ని జింకల్ని వదిలితే మా కష్టం అక్కడి రైతుల నెత్తిన పెట్టినట్టే. ముందు గడ్డినేల చూపించి, తర్వాత జింకను పట్టాలి.

వేరుశనగ విత్తనం జూన్‌లో తొలకరి పడగానే మొదలవుతుంది. అంతకు ముందే, ఏప్రిల్ చివరి వారంలో, కర్నూలు, అనంతపురం జిల్లాల అటవీ, వ్యవసాయ శాఖలు కలిసి మూడు పొద్దుల లెక్కకు తేదీలు ప్రకటించాలని, ఫారాలు తెలుగులో అచ్చువేసి గ్రామ సచివాలయాలకు పంపాలని కోరుతున్నాం. బ్లాకుకు ఒకరు చొప్పున దారి చూపడానికి మా ఊళ్ల నుంచి రైతులు, కాపరులు వస్తారు. బైనాక్యులర్లు, శిక్షణకు ఒక పూట, ఇవి శాఖ సమకూర్చాలి. అక్టోబరులో పప్పుశనగ విత్తే ముందు రేగడి బయలుగా ఉన్న బ్లాకుల్లో రెండోసారి తీయాలి. రెండు లెక్కలూ, నష్టాల జాబితాతో కలిపి, బీమా నోటిఫికేషన్‌కు రాష్ట్ర ప్రభుత్వానికి పంపే ఫైలులో పెట్టాలి.

ఇట్లు,
ఆలూరు, హాలహర్వి మండలాల రైతులు కొందరు,
కర్నూలు జిల్లా.